రోటరీ ఇంజిన్ పెట్రోలు తాగేస్తుందా? సొంత విమానాల ఇంధన లెక్క అసలు ఏం చెబుతోంది

ఢిల్లీ శివార్లలోని ఘాజియాబాద్ దగ్గర హిండన్ వైమానిక స్థావరం ఉంది. 2022 సెప్టెంబరు 26న అప్పటి కేంద్ర పెట్రోలియం మంత్రి హర్దీప్ సింగ్ పురి అక్కడ ఒక కొత్త ఇంధనాన్ని విడుదల చేశారు. పేరు ఏవీగ్యాస్ 100 ఎల్ఎల్. పిస్టన్ ఇంజిన్లతో ఎగిరే చిన్న విమానాలు, పైలట్ లేని విమానాలు వాడే పెట్రోలు ఇది. అంతవరకు దీన్ని పూర్తిగా దిగుమతి చేసుకునేవాళ్లం. ఇండియన్ ఆయిల్ వడోదరలోని తన గుజరాత్ రిఫైనరీలో తయారు చేయడంతో ఆ లోటు కొంత తీరింది.

విమానాన్ని సొంతంగా నిర్మించుకునేవాళ్లు ప్రపంచమంతటా దశాబ్దాలుగా వేసుకుంటున్న ప్రశ్న ఒకటి ఉంది. ఖరీదైన, సీసం కలిసిన ఈ ప్రత్యేక ఇంధనంతో పని లేకుండా, కారు బంకులో దొరికే పెట్రోలుతో నడిచే తేలికైన ఇంజిన్ దొరకదా? ఈ ప్రశ్నకు చాలామంది చూపే సమాధానాల్లో రోటరీ ఇంజిన్ ఒకటి. పిస్టన్లు, వాల్వులు లేవు. కుదుపు తక్కువ. పరిమాణానికి మించిన శక్తి. దాని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఒక్కటే: పెట్రోలు బాగా తాగుతుంది.

ఈ ఫిర్యాదులో నిజమెంత? కారులో వచ్చిన చెడ్డపేరు విమానానికీ వర్తిస్తుందా? ఇది వట్టి సాంకేతిక వాదన కాదు. రోడ్డు మీద లెక్క తప్పితే పక్కకు ఆపి ఇంకో బంకు వెతుక్కోవచ్చు. గాలిలో ఆ వెసులుబాటు లేదు.

ఏ రోటరీ గురించి ఈ చర్చ?

విమాన చరిత్రలో ‘రోటరీ’ అనే పేరు రెండు వేర్వేరు ఇంజిన్లకు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నోమ్, లె రోన్ ఇంజిన్లలో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరిగేవి. గాలికి చల్లబడటం కోసం చేసిన ఏర్పాటది. అవి ఆముదాన్ని లూబ్రికెంట్‌గా వాడి, వాడినదంతా బయటికి చిమ్మేవి. 1920ల నాటికి వాటి కాలం చెల్లింది.

ఇప్పుడు రోటరీ అంటే వాంకెల్ ఇంజిన్. జర్మన్ ఇంజినీరు ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనతో ఎన్ఎస్‌యూ కంపెనీలో దీని మొదటి నమూనా 1957లో నడిచింది. 1967లో ఎన్ఎస్‌యూ ఆర్వో-80, మజ్దా కాస్మో స్పోర్ట్ కార్లు మార్కెట్లోకి వచ్చాయి. ఎన్ఎస్‌యూ ఆ తర్వాత కనుమరుగైనా మజ్దా ఈ ఇంజిన్‌ను వదల్లేదు. ఆ కంపెనీ 13బి ఇంజినే సొంత విమానాల నిర్మాతలు ఎక్కువగా ఎంచుకున్న రోటరీ.

లోపల జరిగేదేమిటి?

మామూలు ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది. వాంకెల్‌లో ఉబ్బిన త్రిభుజంలా ఉండే రోటర్ అండాకారపు గదిలో తిరుగుతుంది. రోటర్ మూడు ముఖాలు, గది గోడల మధ్య మూడు ఖాళీలు ఏర్పడతాయి. రోటర్ తిరిగే కొద్దీ ఒక్కో ఖాళీ పెద్దదవుతూ, చిన్నదవుతూ ఉంటుంది. ఒక ఖాళీ గాలినీ పెట్రోలునూ పీల్చుకుంటుంటే, మరొకటి ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది, ఇంకొకటి కాలిన పొగను బయటికి నెడుతుంది. రోటర్ ఒక్క చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అంటే షాఫ్ట్ తిరిగే ప్రతి చుట్టుకూ ఒక్కో రోటర్ నుంచి ఒక పేలుడు శక్తి అందుతుంది.

దీనివల్ల ఇంజిన్ కొలతల దగ్గరే ఒక గందరగోళం మొదలవుతుంది. 13బిలో రెండు రోటర్లు, ఒక్కో ఖాళీ 654 ఘనపు సెంటీమీటర్లు. అందుకే కాగితం మీద అది 1.3 లీటర్ల ఇంజిన్. కానీ ఫోర్ స్ట్రోక్ పిస్టన్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒక్కసారే శక్తినిస్తుంది. అదే లెక్కన చూస్తే 13బి పీల్చే గాలి 2.6 లీటర్ల ఇంజిన్‌తో సమానం. ‘1.3 లీటర్ల కారు ఇంత తాగుతుందా’ అన్న ఆశ్చర్యంలో కొంత భాగం ఈ లెక్క తేడాదే.

ఎందుకు ఎక్కువ తాగుతుంది?

లెక్క తేడా తీసేసినా రోటరీకి కొన్ని సహజమైన బలహీనతలు ఉన్నాయి.

మొదటిది దహన గది ఆకారం. పిస్టన్ ఇంజిన్‌లో మంట ఒక చిన్న, గుండ్రటి చోట రగులుతుంది. రోటరీలో అది పొడవుగా, పలచగా, నెలవంకలా ఉండే సందులో సాగాలి. గది ఘనపరిమాణంతో పోలిస్తే గోడల వైశాల్యం ఎక్కువ. అందుకే పెట్రోలులోని వేడిలో పెద్ద వాటాను గోడలే లాగేసుకుంటాయి. మంట వెనక అంచు వరకు చేరకముందే చల్లబడటంతో కొంత మిశ్రమం సరిగా కాలకుండానే బయటికి పోతుంది. ఒక్కో రోటర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టేది ఇందుకే.

రెండోది సీళ్లు. రోటర్ మూడు కొనల్లో ఉండే అపెక్స్ సీళ్లు, పక్కల ఉండే సైడ్ సీళ్లు ఒత్తిడిని పట్టి ఉంచాలి. పిస్టన్ రింగులతో పోలిస్తే ఇక్కడ లీకేజీ దారులు ఎక్కువ. సీళ్లు అరగకుండా కొద్దికొద్దిగా ఆయిల్‌ను కూడా ఇంజిన్ కాల్చేస్తుంది.

మూడోది పొగతో పోయే శక్తి. రోటరీ ఎగ్జాస్ట్ బాగా వేడిగా, బాగా చప్పుడుగా వస్తుంది. షాఫ్ట్‌ను తిప్పాల్సిన శక్తిలో కొంత పొగగొట్టం దారి పడుతోందని దాని అర్థం.

కారు మైలేజీతో కొలిస్తే తప్పు

మజ్దా ఆర్ఎక్స్-8 కారు అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లకు మించి ఇవ్వలేదు. రోటరీకి చెడ్డపేరు తెచ్చింది ఇలాంటి అంకెలే. అయితే ఊళ్లో తిరిగే కారు ఎక్కువసేపు సిగ్నల్ దగ్గర నిలబడి, లేదంటే ఇంజిన్ శక్తిలో పదో వంతో ఐదో వంతో వాడుకుంటూ నడుస్తుంది. రోటరీ అత్యంత అధ్వానంగా పనిచేసేది సరిగ్గా అక్కడే. తక్కువ వేగంలో లీకేజీకి సమయం ఎక్కువ దొరుకుతుంది, మిగిలిపోయిన పొగ కొత్త మిశ్రమంలో కలుస్తుంది, మంట నిలకడగా ఉండదు.

విమానం తీరు వేరు. టేకాఫ్‌లో పూర్తి శక్తి, ఆ తర్వాత గంటల తరబడి 65 నుంచి 75 శాతం శక్తితో ఒకే వేగం. రోటరీకి నప్పే పని ఇదే. 1991లో ల మాన్ 24 గంటల రేసును మజ్దా 787బి నాలుగు రోటర్ల ఇంజిన్‌తో గెలిచింది. అది నడిచిన విభాగంలో ఒక్కో కారుకు ఇంత ఇంధనమే అన్న పరిమితి ఉండేది. నిలకడగా ఎక్కువ శక్తితో నడిపితే రోటరీ పొదుపు చేయగలదనడానికి అదొక రుజువు.

కాబట్టి విమానాల దగ్గర అడగాల్సింది మైలేజీ కాదు, బీఎస్ఎఫ్‌సీ. ఒక కిలోవాట్ శక్తిని ఒక గంటపాటు ఇవ్వడానికి ఇంజిన్ ఎన్ని గ్రాముల ఇంధనం కాలుస్తుందన్నదే ఈ కొలత. అంకె ఎంత తక్కువైతే అంత పొదుపు. స్థూలంగా పరిస్థితి ఇది:

• లైకమింగ్ లాంటి సంప్రదాయ విమాన ఇంజిన్లు, మిశ్రమాన్ని జాగ్రత్తగా పలచన చేసి నడిపితే: 260–275 గ్రాములు
• రోటాక్స్-912 తరగతి చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు: సుమారు 285 గ్రాములు
• సొంత విమానాల్లో 13బి: మామూలుగా 290–320, బాగా ట్యూన్ చేసి పలచటి మిశ్రమంతో నడిపితే 280 దరిదాపు
• పాత మైక్రోలైట్లలోని టూ స్ట్రోక్ ఇంజిన్లు: 400 గ్రాముల పైనే

ఈ పట్టిక రెండు విషయాలు చెబుతుంది. రోటరీ పిస్టన్ ఇంజిన్ కన్నా ఎక్కువే తాగుతుంది, అయితే తేడా జనం అనుకునేంత కాదు, పది పదిహేను శాతం. టూ స్ట్రోక్ నుంచి మారేవారికైతే రోటరీ పొదుపు చేసే ఇంజినే.

పైలట్ అలవాట్లు కూడా ఈ తేడాను కొంత పూడుస్తాయి. గాలితో చల్లబడే విమాన ఇంజిన్‌ను ఎత్తుకు తీసుకెళ్లేటప్పుడు సిలిండర్లు వేడెక్కకుండా అదనంగా పెట్రోలు పోస్తూ నడుపుతారు. చాలామంది పైలట్లు క్రూయిజ్‌లో కూడా మిశ్రమాన్ని పూర్తిగా పలచన చేయడానికి జంకుతారు. రోటరీలో కాలిపోవడానికి ఎగ్జాస్ట్ వాల్వులు లేవు. మిశ్రమం ముందే పేలిపోయే డిటొనేషన్ సమస్యా తక్కువ. నీటితో చల్లబడుతుంది కాబట్టి పలచటి మిశ్రమంతో ధైర్యంగా నడపొచ్చు.

ఒక లెక్క, ఒక అరగంట

క్రూయిజ్‌లో 75 కిలోవాట్లు, అంటే సుమారు 100 హార్స్‌పవర్ అవసరమయ్యే రెండు సీట్ల విమానాన్ని తీసుకుందాం. ట్యాంకులో వాడుకోగల ఇంధనం 100 లీటర్లు అనుకుందాం.

265 గ్రాముల పిస్టన్ ఇంజిన్ గంటకు సుమారు 19.9 కిలోల ఏవీగ్యాస్ కాలుస్తుంది. లీటర్లలో 27.6. ట్యాంకు 3 గంటల 37 నిమిషాలు వస్తుంది.

300 గ్రాముల రోటరీ గంటకు 22.5 కిలోలు కాలుస్తుంది. కారు పెట్రోలు కాస్త బరువైనది కాబట్టి లీటర్లలో 30.4. ట్యాంకు 3 గంటల 17 నిమిషాలు. ఇంతవరకు తేడా 20 నిమిషాలే.

ఇప్పుడు బంకులో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. దాంతో ఈ20 లీటరులో సుమారు 7 శాతం శక్తి తగ్గుతుంది. అదే రోటరీ గంటకు 32.5 లీటర్లు అడుగుతుంది. ట్యాంకు 3 గంటల 5 నిమిషాలకు ఖాళీ.

పిస్టన్ విమానం పాత అంకెలను నమ్మి అదే ప్రయాణానికి బయల్దేరితే తగ్గేది 32 నిమిషాలు. పగటిపూట చూపు ఆధారంగా ఎగిరే చిన్న విమానాలు గమ్యం చేరాక కూడా కనీసం 30 నిమిషాల ఇంధనం మిగుల్చుకోవాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. అంటే ఈ తేడా మింగేసేది సరిగ్గా ఆ రిజర్వునే. రోటరీ ‘పది శాతమే ఎక్కువ’ అని తేలిగ్గా తీసుకోవడంలో ఉన్న ప్రమాదం ఇక్కడుంది.

కాగితం మీద లేని ఖర్చులు

బీఎస్ఎఫ్‌సీ ఇంజిన్ టెస్ట్ బెంచి మీది అంకె. విమానంలో బిగించాక మరికొన్ని ఖర్చులు కలుస్తాయి.

13బి ఇంజిన్ శక్తినిచ్చేది నిమిషానికి 6,000 చుట్లు, ఆపైన. ప్రొపెల్లర్ 2,700 చుట్ల దగ్గర బాగా పనిచేస్తుంది. మధ్యలో వేగం తగ్గించే గేర్‌బాక్స్ తప్పనిసరి. ఫ్లోరిడాకు చెందిన ట్రేసీ క్రూక్ ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు. 1990లలో ఆర్వీ-4 విమానంలో 13బి బిగించి ఎగిరిన ఆయన, తర్వాత ఇతర నిర్మాతల కోసం 2.17, 2.85 నిష్పత్తుల గేర్‌బాక్సులు, ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు తయారు చేశారు. గేర్ల రాపిడిలో ఒకటి రెండు శాతం శక్తి పోతుంది. మంచి గేర్‌బాక్స్ నష్టం అంతకు మించదు. అయితే బరువు, ఖర్చు, చెడిపోగల భాగాల సంఖ్య పెరుగుతాయి.

అంతకన్నా పెద్దది చల్లబరిచే ఖర్చు. రోటర్ లోపలి వేడిని ఆయిల్ మోసుకొస్తుంది, గది గోడల వేడిని నీరు తీసుకుంటుంది. అంటే ఒక రేడియేటర్‌తో పాటు పెద్ద ఆయిల్ కూలర్ కావాలి. రెండింటికీ గాలి అందాలి, ఆ గాలి విమానాన్ని వెనక్కి లాగుతుంది. గాలి దారులను సరిగా మలచని విమానంలో ఈ లాగుడే ఇంజిన్ ఆదా చేసినదంతా తినేస్తుంది. ఒకే ఇంజిన్, ఒకే తరహా విమానం ఉన్న ఇద్దరు నిర్మాతల ఇంధన అంకెలు కలవకపోవడానికి మొదట చూడాల్సింది ఇక్కడే.

బరువు విషయంలోనూ అంతే. వట్టి 13బి తేలిక. గేర్‌బాక్స్, రేడియేటర్, ఆయిల్ కూలర్, పైపులు, నీళ్లు, గట్టి సైలెన్సర్ కలిపాక నాలుగు సిలిండర్ల లైకమింగ్‌తో దాదాపు సమానమవుతుంది.

ఢిల్లీ మే నెలలో ఎగరాలంటే

ఉత్తర భారత ఎండ ఈ లెక్కను ఇంకాస్త బిగిస్తుంది. ఢిల్లీ విమానాశ్రయం సముద్ర మట్టానికి 777 అడుగుల ఎత్తులో ఉంది. 45 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలచబడి, ప్రామాణిక వాతావరణంలో సుమారు 4,500 అడుగుల ఎత్తున ఉండే గాలితో సమానమవుతుంది. టర్బో లేని ఏ ఇంజినైనా రన్‌వే మీదే తన శక్తిలో దాదాపు ఎనిమిదో వంతు కోల్పోతుంది. ఇది పిస్టన్‌కూ రోటరీకీ ఒకటే.

రోటరీకి అదనంగా వచ్చి పడేది రేడియేటర్ సమస్య. బయటి గాలి 15 డిగ్రీలున్న దేశంలో సరిపోయిన కూలర్ 45 డిగ్రీల్లో సరిపోదు. పెద్దది పెడితే లాగుడు పెరుగుతుంది. పెట్టకపోతే ఇంజిన్ చల్లబడటానికి శక్తి తగ్గించి, నెమ్మదిగా పైకెళ్లాలి. రెండు దారుల్లోనూ మూల్యం పెట్రోలే.

వేడికి ఈ20తో మరో చిక్కుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాలను, కొన్ని రకాల ట్యాంకు సీలెంట్లను దెబ్బతీస్తుంది. వేడి ఇంజిన్ గదిలో కారు పెట్రోలు ఆవిరై గొట్టంలో అడ్డుపడే ముప్పు ఏవీగ్యాస్ కన్నా ఎక్కువ. రోటాక్స్ కంపెనీ తన 912 ఇంజిన్లకు 10 శాతం ఇథనాల్ వరకే అనుమతిస్తుంది. దేశంలో ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. అది బంకులన్నిటికీ విస్తరించాక ‘కారు పెట్రోలుతో ఎగరొచ్చు’ అన్న రోటరీ ఆకర్షణలో చాలా భాగం షరతులకు లోబడింది. ఇంజిన్ కాల్చగలదు. ట్యాంకు, పంపు, గొట్టాలు తట్టుకోగలవా అన్నది వేరే ప్రశ్న.

మన దగ్గరి అనుభవం: కోలార్ నుంచి హైదరాబాద్ దాకా

భారత్‌లో రోటరీ ఇంజిన్‌కు చెప్పుకోదగ్గ చరిత్ర ఉన్నది పైలట్ లేని విమానాల్లో. 2009 ఏప్రిల్ 5న, తెలుగువారు గణనీయంగా ఉండే కోలార్ దగ్గర, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే పక్క నుంచి డీఆర్‌డీఓ నిశాంత్ ఎగిరింది. అందులో ఉన్నది మన దేశంలో తయారైన మొదటి వాంకెల్ ఇంజిన్. అది 1.8 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, మొత్తం 40 నిమిషాలు ఎగిరి, ఎండిన చెరువులో క్షేమంగా దిగింది.

బెంగళూరులోని ఎన్ఏఎల్, ఏడీఈ, అహ్మద్‌నగర్‌లోని వీఆర్‌డీఈ కలిసి చేసిన ఇంజిన్ అది. శక్తి 55 హార్స్‌పవర్ తరగతి, బరువు సుమారు 30 కిలోలు. రోటర్ గది లోపలి గోడకు నికెల్–సిలికాన్ కార్బైడ్ పూత, ప్రత్యేక అల్యూమినియం పోతలు లాంటి కష్టమైన పనులు ఇక్కడే జరిగాయి. దిగుమతి ఇంజిన్ స్థానంలో దీన్ని వాడాలన్నది ఉద్దేశం. నిశాంత్ మాత్రం సైన్యంలో నిలదొక్కుకోలేదు. ప్రమాదాల తర్వాత 2015లో సైన్యం మిగతా కొనుగోలును వదులుకుంది.

నిశాంత్‌కు రోటరీ ఎందుకు సరిపోయిందో ఒక చిన్న ఊహా లెక్క చెబుతుంది. 30 కిలోల రోటరీకి బదులు అంతే శక్తినిచ్చే 50 కిలోల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఉందనుకుందాం. క్రూయిజ్‌కు 30 కిలోవాట్లు. రోటరీ కిలోవాట్‌కు గంటకు 60 గ్రాములు ఎక్కువ తాగుతుందనుకుంటే, గంటకు అదనపు ఇంధనం 1.8 కిలోలు. ఇంజిన్ బరువులో మిగిలిన 20 కిలోలు ఆ అదనపు ఇంధనంతో నిండిపోవడానికి 11 గంటలు పడుతుంది. నిశాంత్ ఒక విడతలో ఎగరగలిగేది నాలుగున్నర గంటలు. అంతసేపటికి ‘ఎక్కువ తాగే’ రోటరీతోనే విమానం మొత్తం తేలికగా ఉంటుంది.

అమెరికా సైన్యం వాడిన షాడో డ్రోన్‌లో, ఇజ్రాయెల్ తయారీ హారోప్‌లో బ్రిటన్‌కు చెందిన యూఏవీ ఇంజిన్స్ కంపెనీ వాంకెల్ ఇంజిన్లు ఉండటానికి కారణం ఇదే తరహా లెక్క. హారోప్ భారత వైమానిక దళం దగ్గర కూడా ఉంది. లక్ష్యాన్ని ఢీకొట్టి ముగిసిపోయే ఆయుధానికి తేలికైన ఇంజిన్ కావాలి, వేల గంటల మన్నిక అక్కర్లేదు. జర్మనీ ష్లైషర్ కంపెనీ ఏఎస్‌హెచ్-26 మోటార్ గ్లైడర్లలో సుమారు 50 హార్స్‌పవర్ రోటరీ ఉంది. పైకి తీసుకెళ్లే కొద్ది నిమిషాలే అది పనిచేస్తుంది. మిగతా సమయమంతా మోయాల్సిన బరువే, కాబట్టి తేలికగా ఉంటే చాలు.

ప్రయాణం పొడుగైతే తీర్పు తిరగబడుతుంది. దీనికి ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. ఇజ్రాయెల్ సంస్థ ఎల్బిట్ తయారు చేసిన హెర్మీస్-450 డ్రోన్‌కు వాంకెల్ ఇంజిన్. దాని తర్వాత వచ్చిన పెద్ద డ్రోన్ హెర్మీస్-900కు రోటాక్స్-914 ఫోర్ స్ట్రోక్. ఈ హెర్మీస్-900 ఆధారంగా హైదరాబాద్‌లోని అదానీ–ఎల్బిట్ కేంద్రం నుంచి వచ్చినదే దృష్టి-10. 2024 జనవరి 10న నౌకాదళానికి అందిన ఈ డ్రోన్ 36 గంటలు ఎగరగలదని తయారీదారు చెబుతున్నారు. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, వాంకెల్ ఇంజిన్లు చేసే యూఏవీ ఇంజిన్స్ ఎల్బిట్ సొంత అనుబంధ సంస్థే. ఇంట్లో రోటరీ ఉన్నా, పెద్ద డ్రోన్‌కు బయటి నుంచి ఫోర్ స్ట్రోక్ కొన్నారు. ఎక్కువ శక్తి, ఎక్కువ ఎత్తు కావాలన్నవి కూడా ఇందులో ఉన్న అవసరాలే. అయినా 30 గంటలు దాటే ప్రయాణంలో గంటకు రెండు కిలోల తేడా అంటే 60 కిలోలు. అది మోసే కెమెరాల బరువులో కోత.

సొంత విమానానికి మన నిబంధనలు

అమెరికాలో సొంత నిర్మాతల సంఘం ఈఏఏ 1953 నుంచి ఉంది. పనిలో సగానికి పైగా తామే చేశామని చూపిస్తే విమానాన్ని ‘ప్రయోగాత్మక’ కోవలో నమోదు చేయించుకోవచ్చు. ఏ ఇంజిన్ బిగించాలన్నది చాలావరకు నిర్మాత ఇష్టం. కారు రోటరీని విమానంలో పరీక్షించిన అనుభవం అక్కడ పోగుపడటానికి కారణం ఆ స్వేచ్ఛ.

మన దేశంలో ఆ దారి ఇరుకు. అనుమతులిచ్చే డీజీసీఏ కేంద్ర కార్యాలయం ఢిల్లీలో, ఒకప్పటి విల్లింగ్డన్ ఎయిర్‌ఫీల్డ్ అయిన సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం ఎదురుగా ఉంది. ముంబయి కాందివలిలో ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం నిర్మించిన పైలట్ కెప్టెన్ అమోల్ యాదవ్ నమోదు కోసం ఏళ్ల తరబడి ఈ కార్యాలయం చుట్టూ తిరగాల్సి వచ్చింది. చివరికి 2017 నవంబరులో నమోదు, 2019లో ఎగిరేందుకు అనుమతి దక్కాయి. ఆయన విమానంలో ఉన్నది రోటరీ కాదు. కానీ పేరున్న వైమానిక ఇంజిన్‌తో చేసిన విమానానికే అంత సమయం పడితే, కారు నుంచి తీసిన ఇంజిన్‌తో ప్రయోగానికి ఎంత ఓపిక కావాలో ఊహించుకోవచ్చు.

ఈ ఇరుకుదనానికి ఒక మూల్యం ఉంది. చిన్న విమాన ఇంజిన్ల గురించిన అనుభవం ప్రయోగశాలల్లోనే పుట్టదు. వందలాది మంది ఔత్సాహికులు ఇంధనం ఎంత కాలిందో రాసుకుంటూ, సీళ్లు విప్పి చూసుకుంటూ కూడబెట్టేది కూడా అదే అనుభవం. డ్రోన్ల తయారీలో ముందుకెళ్తున్న మన దేశం, వాటి గుండెకాయ లాంటి చిన్న ఇంజిన్ల కోసం చాలావరకు ఇంకా బయటే చూస్తోంది.

ఎంచుకునేముందు చూసుకోవాల్సినవి

రోటరీ ఆలోచన ఉన్న నిర్మాతకైనా, చిన్న డ్రోన్ రూపకర్తకైనా ఇంధనం వైపు నుంచి తేల్చుకోవాల్సినవి ఇవి:

• ఎన్ని గంటలు ఎగరాలి? కొద్ది గంటలైతే తేలికదనం గెలుస్తుంది, పదీ పదిహేను గంటలు దాటితే పొదుపు గెలుస్తుంది.
• కారు మైలేజీనీ, ప్రకటనల్లోని అంకెనూ నమ్మొద్దు. క్రూయిజ్ శక్తి దగ్గర గంటకు ఎన్ని లీటర్లో తన విమానంలోనే ఫ్లో మీటర్‌తో కొలవాలి.
• బరువు లెక్కలో రేడియేటర్, ఆయిల్ కూలర్, గేర్‌బాక్స్, నీళ్లు అన్నీ కలపాలి.
• కూలర్లను సగటు రోజుకు కాదు, మే నెల మధ్యాహ్నానికి సరిపడేలా చూడాలి.
• ఈ20 వాడితే ట్యాంకు, గొట్టాలు, పంపు దానికి తగినవేనా అని తేల్చుకోవాలి. ప్రయాణ లెక్కలో 7 శాతం శక్తి తగ్గించుకోవాలి.
• తూకంలో చాలా తక్కువగా కనిపించినా, ఇంజిన్ కాల్చే ఆయిల్‌ను కూడా లెక్కలో పెట్టాలి.

మజ్దా 2023లో ఎంఎక్స్-30 కారులో రోటరీని మళ్లీ తెచ్చింది. ఈసారి చక్రాలను తిప్పడానికి కాదు, బ్యాటరీకి విద్యుత్తు అందించే జనరేటర్‌గా. ఎక్కువ తాగే చోటు నుంచి తప్పించి, నిలకడగా నడిచే చోట కూర్చోబెట్టింది. ఆకాశంలోనూ రోటరీకి సరైన చోటు అలాంటిదే. తేలికదనం ఎక్కువ, ప్రయాణం తక్కువ ఉన్న చోట అది మంచి ఇంజిన్. దూరం వెళ్లాల్సిన చోట అదే ఇంజిన్ తాగేది, ట్యాంకులో మిగలాల్సిన ఆ అరగంట ఇంధనాన్ని.